హిప్నాటిజం: భయపడాల్సింది దేనికి?

మొన్న డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఒక మిత్రుడి ఇంట్లో పాట్‌లక్‌కి పదిమందిమి కలిశాం. వాళ్ళ చెల్లెలు రెండేళ్ళుగా కడుపునొప్పితో బాధపడుతోంది. డాక్టరు ఐబీఎస్ అని తేల్చి, మందులు పనిచెయ్యకపోవడంతో హిప్నోథెరపీ ప్రయత్నించమన్నారట. అంతే, సాంబారు గిన్నె చుట్టూ చర్చ మొదలైంది. "వాళ్ళ చేతిలో కీలుబొమ్మవైపోతావు" అని ఒకరు, "మనసులో ఉన్నదంతా కక్కిస్తారు" అని ఇంకొకరు. పాపం ఆ అమ్మాయి అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుంది.

ఈ భయాలు ఎక్కడివి? సగం సినిమాల నుంచి, సగం స్టేజీ షోల నుంచి. 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరామ్ గారి పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. అలాంటి ప్రదర్శనల్లో వేదిక ఎక్కేది ఎవరు? ఇష్టపడి ముందుకొచ్చినవాళ్ళే. అసలు హిప్నాసిస్ నిద్రే కాదు. ఏదో ఒక విషయం మీద గాఢంగా లగ్నమైన స్థితి మాత్రమే. 1840లలో గ్రీకుల నిద్రాదేవత పేరు మీద ఈ పదాన్ని ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ జేమ్స్ బ్రెయిడ్, ఆ పేరు తప్పుదోవ పట్టిస్తోందని తర్వాత తనే మార్చాలని చూశాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇక రెండో అపోహ చాలా ప్రమాదకరమైనది: హిప్నటైజ్ చేస్తే మర్చిపోయినవన్నీ ఉన్నవి ఉన్నట్టు బయటికొస్తాయని. మనం సాఫ్ట్‌వేర్‌వాళ్ళం కాబట్టి జ్ఞాపకాన్ని హార్డ్ డిస్క్ అనుకుంటాం. కాదు. చదివిన ప్రతిసారీ కొంత మారిపోయే ఫైల్ అది. హిప్నాసిస్‌లో ఊహ పెరుగుతుంది, దానితో పాటు "ఇదే నిజం" అన్న ధీమా కూడా పెరుగుతుంది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1985లోనే ఈ విషయం హెచ్చరించింది.

అయినా మన టెక్సాస్‌లో పోలీసులు దశాబ్దాల పాటు సాక్షులను హిప్నటైజ్ చేశారు. 1998లో డాలస్ శివారు ఫార్మర్స్ బ్రాంచ్‌లో జరిగిన హత్య కేసు చూడండి. చూసినవాళ్ళు పొడవు జుట్టున్న ఇద్దరు తెల్లవాళ్ళని పక్కింటావిడ మొదట చెప్పింది. పోలీసులు ఆమెను హిప్నటైజ్ చేశారు. ఏడాది తర్వాత కోర్టులో ఆమె పొట్టి జుట్టున్న లాటినో చార్లెస్ ఫ్లోరెస్‌ను చూపించి, ఇతనే అంది. మరణశిక్ష పడింది. వేరే సాక్ష్యాలూ ఉన్నాయని ప్రాసిక్యూషన్ వాదన. అతను దోషో కాదో తేల్చడం నా పని కాదు. కానీ అలాంటి సాక్ష్యం మీద ఒక మనిషి ప్రాణం ఆధారపడొచ్చా? 2023లో టెక్సాస్ చట్టం చేసి, పోలీసు హిప్నాసిస్ తర్వాతి వాంగ్మూలాలను నిందితుల మీద వాడకుండా ఆపింది. ఆ చట్టం ఫ్లోరెస్ విచారణకు దాదాపు పాతికేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

తమాషా ఏమిటంటే, నమ్మకూడని చోట నమ్మాం, పనికొచ్చే చోట భయపడుతున్నాం. ఐబీఎస్‌కి హిప్నోథెరపీ ఉపయోగపడుతుందని మాంచెస్టర్‌లో డాక్టర్ పీటర్ వోర్వెల్ బృందం 1984లోనే చూపించింది. మందులతో ఏడాదైనా తగ్గనివారి విషయంలో దీన్ని కూడా పరిశీలించమని బ్రిటన్‌లో నైస్ సంస్థ మార్గదర్శకాలు చెప్తాయి. నొప్పి, శస్త్రచికిత్స ముందు ఆందోళన తగ్గించడానికీ వాడుతున్నారు. అలాగని సర్వరోగ నివారిణి కాదు. సిగరెట్ మాన్పిస్తుందనడానికి గట్టి ఆధారం దొరకలేదని 2019లో కాక్రేన్ సమీక్ష తేల్చింది. పూర్వజన్మలు చూపిస్తామనేవాళ్ళ సంగతి సరేసరి!

మరి జాగ్రత్త ఎక్కడ పడాలి? అమెరికాలో చాలా రాష్ట్రాల్లో హిప్నాటిస్టుగా బోర్డు పెట్టుకోవడానికి వైద్య లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి ముందు చూడాల్సింది ఆయన డాక్టరా, లైసెన్సున్న సైకాలజిస్టా అని. రోగనిర్ధారణ అయ్యాకే వెళ్ళండి. వేసుకునే మందులు సొంతంగా ఆపకండి. పాత జ్ఞాపకాలు తవ్వి తీస్తామంటే మాత్రం మర్యాదగా లేచి వచ్చెయ్యండి.

ఈ సంగతులన్నీ మా మిత్రుడి చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. మళ్ళీ అపాయింట్‌మెంట్ తీసుకుంటానంది. ఈసారి పాట్‌లక్‌లో మాత్రం ఎవరికీ చెప్పదట!