పెళ్ళిళ్ళు లేని నెలలో గుర్రం



డిసెంబరు మధ్యలో ధనుర్మాసం ప్రవేశించగానే కోనసీమలో పెళ్ళి బాజాలు సద్దుమణుగుతాయి. హిందూ సోదరుల ఇళ్ళలో సంక్రాంతి దాటే వరకు ముహూర్తాలుండవు. ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిచ్చి జీవించే కుటుంబానికి ఇది రాబడి తగ్గిపోయే కాలం. ఒకప్పుడు కోస్తా పట్టణాలలో జట్కాలు తోలినవారిలో మనవారు ఎందరో ఉండేవారు. రిక్షాలు, ఆటోలు వచ్చాక జట్కాలు కనుమరుగయ్యాయి. ఎక్కడో ఒకటీ అరా మిగిలిన గుర్రాలకు పెళ్ళి ఊరేగింపులే ఆధారమయ్యాయి.

గత శీతకాలంలో కొత్తపేట వైపు మాకు తెలిసిన ఒక ఇంటికి వెళ్ళాము. ఆ ఇంటి పెద్ద తన గుర్రంపై రెండు దుప్పట్లు కప్పి, పాక చుట్టూ గాలి చొరకుండా గోనెపట్టాలు కట్టి ఉంచాడు. "చలికి తట్టుకోలేదేమోనని భయం భాయీ! పని లేకపోయినా ఉలవలు మాత్రం తగ్గించలేదు" అన్నాడు. ఆయన మాటలో ప్రేమ ఉంది. కాని గుర్రం ముందు కాలితో నేలను గీరుతోంది, మాటిమాటికీ మెడ తిప్పి తన పొట్ట వైపు చూసుకుంటోంది. తొట్టిలో నీరు తెచ్చిపోసినట్లే ఉంది. ఆ రాత్రి పశువైద్యుడు వచ్చి ముక్కు ద్వారా గొట్టం వేసి, నూనె పట్టించి, తెల్లవారే వరకు దగ్గర కూర్చుంటే గాని దాని ప్రాణం నిలవలేదు. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే జీవం అది. మనం ఏ శత్రువుకు భయపడాలో తెలియక, మరో శత్రువును పాకలోకి రానిచ్చామని ఆ రాత్రి మాకు అర్థమయింది.

గుర్రం చలిదేశాలలోనూ హాయిగా బతికే జంతువు. ఆరోగ్యంగా, తగినంత కండతో ఉన్న గుర్రం 5 డిగ్రీల చలిని కూడా ఇబ్బంది లేకుండా ఓర్చుకుంటుంది. మన గోదావరి పాయల మధ్య శీతకాలపు రాత్రులు సాధారణంగా 15 డిగ్రీలకు పైనే ఉంటాయి. చలికాలంలో దాని రోమాలు ఒత్తుగా పెరిగి, నిక్కబొడుచుకుని, మధ్యలో గాలిని నిలుపుకొంటాయి. ఆ గాలి పొరే దానికి దుప్పటి. మనం కప్పిన దుప్పటి రోమాలను అణచివేస్తుంది. అది మంచుకు తడిస్తే మేలుకు బదులు కీడు చేస్తుంది. ముసలి గుర్రానికి, జబ్బుపడి చిక్కిన గుర్రానికి మాత్రమే పొడి దుప్పటి అవసరం. పాకకు పైకప్పు, ఈదురుగాలి వచ్చే వైపు ఒక తడిక చాలు. నాలుగు వైపులా మూసివేస్తే మూత్రం ఘాటు, గడ్డి దుమ్ము లోపలే నిలిచి దగ్గు పట్టుకుంటుంది.

చలికి అసలైన మందు మేతలోనే ఉంది. గుర్రం పెద్దపేగులో గడ్డి పులిసి జీర్ణమయ్యేటప్పుడు పుట్టే వేడి దాని ఒంటిని వెచ్చగా ఉంచుతుంది. 250 కిలోల బరువున్న గుర్రానికి రోజుకు 4 నుండి 5 కిలోల ఎండుమేత కావాలి. దానిని ఒకేసారి వేయక మూడు నాలుగు విడతలుగా పెట్టాలి. కోత కోసిన కొత్తలో వరిగడ్డి మనకు చవకగా దొరుకుతుంది. అయితే కార్తీకపు వానలకు తడిసి బూజు పట్టిన గడ్డిని గుర్రానికి వేయరాదు. ఆవు, గేదె నెమరు వేస్తాయి, గుర్రం నెమరు వేయదు. తిన్నది పడకపోతే వాంతి కూడా చేసుకోలేదు. అందుకే దానికి కడుపు శూల ప్రాణాంతకమవుతుంది. వరిగడ్డి ఒక్కటే పెట్టక గట్లమీది పచ్చగడ్డిని కలపడం మంచిది. మిల్లు తవుడు చవక కదా అని దండిగా పెట్టేవారున్నారు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. నెలల తరబడి అదే పెడితే ఎముకలు గుల్లబారి ముఖం ఉబ్బుతుంది.

ఇక ఉలవల సంగతి. ఐరోపాలో బండ్లు లాగే గుర్రాలకు ఆదివారం సెలవు ఉండేది. ఆ రోజు కూడా దాణా మామూలుగానే పెడితే, సోమవారం పనికి కట్టగానే కండరాలు కొయ్యబారి, మూత్రం కాఫీ రంగుకు మారి గుర్రం కూలబడేది. దానికి 'సోమవారపు జబ్బు' అనే పేరే స్థిరపడింది. ఒక్క రోజు విశ్రాంతికే ఇలా జరిగితే, నెల రోజుల విశ్రాంతి మాటేమిటి? పని ఆగిన రోజే ఉలవలను సగానికి తగ్గించాలి. ఆ తరువాత గుప్పెడుకు పరిమితం చేయాలి. గడ్డి మాత్రం తగ్గించరాదు. ఉదయం, సాయంత్రం అరగంట చొప్పున నడిపించాలి. కట్టుకొయ్యకు కట్టి ఉంచడం విశ్రాంతి కాదు. నడక లేకపోతే పేగుల కదలిక మందగిస్తుంది.

చలికాలంలో గుర్రం నీరు తక్కువ తాగుతుంది, ఎండుగడ్డి మాత్రం ఎక్కువ తింటుంది. పేగులలో మేత గట్టిపడి అడ్డుపడటానికి ఇది ఒక ముఖ్య కారణం. రోజుకు కనీసం 12 నుండి 15 లీటర్లు తాగుతోందో లేదో బకెట్ల లెక్కన చూసుకోవాలి. నీటిని గోరువెచ్చగా ఇస్తే ఇష్టంగా తాగుతుంది. నాకడానికి ఉప్పుగడ్డ అందుబాటులో ఉంచాలి.

మన నేలలో చెమ్మ ఎక్కువ. తడి నేలపై నిలబడితే గిట్టల అడుగు కుళ్ళి దుర్వాసన వస్తుంది. మెరక చేసిన నేలపై మన సీమలో సులువుగా దొరికే కొబ్బరిపీచు పొట్టును ఆరబెట్టి పరిస్తే అది చెమ్మను పీల్చుకుంటుంది. తడిసిన భాగాన్ని రోజూ తీసివేయాలి. గిట్టలను ప్రతిదినం శుభ్రం చేసి, ఆరేడు వారాలకొకసారి చెక్కించి లాడాలు సరిచేయించాలి. మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం వచ్చే ప్రమాదం గుర్రానికి మిక్కిలి ఎక్కువ, కనుక టీకా మరువరాదు. జోరీగల వల్ల వచ్చే సర్రా వ్యాధిలో జ్వరం వచ్చి పోతూ, గుర్రం చిక్కిపోతూ, కాళ్ళు, పొట్ట కింది భాగం వాస్తాయి. ఇటువంటి లక్షణాలు, శూల చిహ్నాలు కనబడితే నాటు వైద్యంతో కాలయాపన చేయక పశువైద్యుని పిలవాలి. సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.

మాఘంలో మళ్ళీ పిలుపులు వస్తాయి. మొదటి రోజే మూడు గంటల ఊరేగింపుకు ఒప్పుకోవద్దు. రెండు వారాల ముందు నుండి నడకను, దాని వెంట దాణాను కొద్దికొద్దిగా పెంచాలి. రాత్రి ఊరేగింపు ముగిశాక జీను పట్టీ వదులుచేసి, చెమట ఆరే వరకు మెల్లగా నడిపించి, పొడి గడ్డిచుట్టతో ఒళ్ళు రుద్దిన తరువాతే పాకలో కట్టాలి.

పొట్ట వీపుకు అంటుకుపోయిన ఒక ఒంటెను చూసి దైవప్రవక్త (స) ఆవేదన చెందారు. నోరులేని ఈ జీవాల విషయంలో అల్లాహ్‌కు భయపడమని, అవి మంచి స్థితిలో ఉన్నప్పుడే స్వారీ చేయమని హెచ్చరించినట్లు అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. గుర్రం మన చేతిలో ఒక అమానతు. అది సంపాదించి పెట్టే రోజుల్లో దానిని అందరూ బాగానే చూసుకుంటారు. రాబడి లేని ఈ నెలలోనే మన అమానతుదారీ పరీక్షకు నిలుస్తుంది. కొత్తపేట గుర్రం ఇప్పుడు కులాసాగా ఉంది. దాని తొట్టి పక్కన గోడమీద, తాగిన బకెట్లకు బొగ్గుతో గీసిన గీతలు వరుసగా కనిపిస్తున్నాయి.