వెంట నడిచిన కుక్కను రేవులో వదిలి వస్తే ఎలా?

బూర్గంపాడు: శ్రీరామనవమికి, ముక్కోటికి కాలినడకన భద్రాచలం వెళ్లే భక్తుల వెంట ఊరి కుక్క ఒకటి బయలుదేరడం ఈ ప్రాంతంలో కొత్త కాదు. పొలిమేర దాకా దాన్ని అదిలిస్తారు. సారపాక చేరేసరికి అదే కుక్క ముద్దొస్తుంది. ఒకరు పులిహోర పెడతారు, ఒకరు బొట్టు పెడతారు, ఇంకొకరు సెల్‌ఫోనులో ఫొటో తీస్తారు. వంతెన దాటి, గోదావరిలో మునిగి, స్వామి కల్యాణం చూసి అందరూ తిరుగు బస్సు ఎక్కుతారు. కుక్క ఎక్కడుందో చూసేవారుండరు. ఎవరైనా అడిగినా ‘‘అదే వస్తుందిలే’’ అంటారు.

అన్నీ రావు. వేల పాదాలు తొక్కిన దారిలో వాసన పట్టడం కుక్కకైనా తేలిక కాదు. పైగా పరాయి కుక్కను మధ్య ఊళ్ల కుక్కలు సాగనివ్వవు. ఈ సంగతి పల్లెటూరి వారికి ఒకరు చెప్పాలా?

ఇదే గోదావరి సముద్రంలో కలిసేచోట ఇంకా పెద్ద యాత్ర ఉంది. ధవళేశ్వరం దిగువన నది పాయలుగా చీలుతుంది. ఏడు సాగర సంగమాల్లో స్నానం చేయడాన్ని సప్తసాగర యాత్ర అంటారు. పుష్య బహుళ అమావాస్యనాడు కాకినాడ దగ్గరి చొల్లంగిలో మొదలై, మాఘంలో భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో ముగుస్తుంది. పూర్వం అంతా నడక, నావ. తర్వాత బస్సులు వచ్చాయి. అలాంటి దారిలో కుక్కకు ఇసుక నడక కష్టం కాదు. సఖినేటిపల్లి రేవు వంటి చోట పంటు మీద మనుషులూ మోటారు సైకిళ్లూ దాటుతుంటే అదీ ఒక మూల ఒదుగుతుంది. చిక్కంతా బస్సు దగ్గరే. పిల్లలు, ముసలివారు కిక్కిరిసిన బస్సులో కుక్కను ఎక్కించుకోనంటే కండక్టరును తప్పు పట్టలేం. రైల్లో అయితే రుసుము కట్టి గార్డు పెట్టెలో పంపవచ్చు. సాధారణ పెట్టెలో మాత్రం కూర్చోబెట్టుకోనివ్వరు.

వాహనం దగ్గర పేచీ ఈనాటిది కాదు. మహాప్రస్థానంలో భార్య, తమ్ముళ్లు ఒక్కొక్కరే రాలిపోయాక ధర్మరాజు వెంట మిగిలింది కుక్కే. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కకు చోటు లేదన్నాడు. నమ్మి వచ్చిన దాన్ని విడిచి ఎక్కనన్నాడు ధర్మరాజు. భక్తులు ఈ కథ పురాణంలో విని తల ఊపుతారు, బస్టాండులో మరిచిపోతారు.

2019లో తిరుమల నుంచి శబరిమలకు నడిచి వెళుతున్న 13 మంది అయ్యప్ప భక్తుల వెంట ఒక వీధి కుక్క కర్ణాటకలోని చిక్కమగళూరు జిల్లా దాకా 480 కిలోమీటర్లు నడిచిందని పత్రికలు రాశాయి. వారు తాము వండుకున్న దాంట్లో దానికీ పెట్టారు. అంత దూరం వచ్చిన జీవాన్ని వీధి కుక్కే కదా అనడం కుదురుతుందా?

ఊరి కుక్కకు యజమాని ఎవరని కొందరు అడుగుతారు. దారిలో ముద్ద పెట్టి వెంట తిప్పుకున్నవారే ఆ నాలుగు రోజులకు యజమానులు. ఆకలికి, దాహానికి మాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ డబ్బుకు భద్రాచలంలో రెండు టీలు కూడా కష్టమే కనుక భయపడేవారు లేరు.

కాబట్టి బయలుదేరే ముందురోజు రాత్రే కుక్కలను కట్టివేయాలి. నడక మొదలయ్యేది తెల్లవారుజామున. అప్పుడు వెతికితే దొరకవు. పంచాయతీ వారు చాటింపు వేయిస్తే మంచిది. అప్పటికీ వెంటపడితే దానికి రేబిస్ టీకా పడిందో లేదో తెలుసుకోవాలి. కరిస్తే గాయాన్ని పావుగంట సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, ఆలస్యం లేకుండా ఆస్పత్రికి వెళ్లాలి. చైత్రమాసపు మధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపించకూడదు. చెప్పులున్న వారికే కాళ్లు కాలుతాయి. తిరుగు ప్రయాణానికి పదిమందీ తలా కొంత వేసుకుని ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుంటే సామానుతో పాటు అదీ వస్తుంది. హుండీకి ముడుపు కట్టేటప్పుడే ఈ డబ్బు కూడా పక్కన పెట్టుకోవచ్చు.