పగటిపూట ఫైరింజను ఎక్కేదెవరు?

న్యూజెర్సీ సౌత్ బ్రన్స్‌విక్‌లో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. పోపు ఘాటుకి అలారం కూసినప్పుడు బరువైన బూట్లతో వంటింట్లోకి వచ్చి, మూకుడు చూసి నవ్వి వెళ్లిపోయే మనిషికి జీతం లేదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. అక్కడి కెండాల్ పార్క్, మన్మత్ జంక్షన్, కింగ్‌స్టన్ ఫైర్ కంపెనీలు వాలంటీర్ సంస్థలు. పక్కనే ఫిలడెల్ఫియాలో 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, స్నేహితులు తోలు బకెట్లు పట్టుకుని మొదలుపెట్టిన సంప్రదాయం ఇది.

ఇప్పుడది పలచబడుతోంది. 1984లో అమెరికా అంతటా దాదాపు 9 లక్షల మంది వాలంటీర్లుంటే, 2020 నాటికి 7 లక్షల లోపుకి వచ్చారు. అసలు చిక్కు పగటిపూట. రాత్రి పిలిస్తే పదిమంది వస్తారు, మధ్యాహ్నం రెండింటికి అందరూ ఉద్యోగాల్లో ఉంటారు. నిప్పు సాయంత్రం దాకా ఆగదు. అండర్‌రైటర్స్ లాబొరేటరీస్ ప్రయోగాల్లో పాతకాలపు సామాన్లున్న గది మొత్తం భగ్గుమనడానికి అరగంట దాకా పట్టింది. ఫోము సోఫాలున్న ఈనాటి గదికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ వేళకి ఊళ్లోనే ఉండేదెవరు? ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు. వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు.

శిక్షణ తేలిక కాదు, దాచడమెందుకు? కౌంటీ అకాడమీలో ఫైర్‌ఫైటర్-1 కోర్సు రాత్రుళ్లూ వారాంతాలూ కలిపి నెలల తరబడి సాగుతుంది. ఫీజు మామూలుగా ఫైర్ కంపెనీయే భరిస్తుంది. ఆ తర్వాత స్టేషన్లో డ్రిల్లు రాత్రులు. మాస్కు లోపల మైనం కాగితం పెట్టి కళ్లు కనపడకుండా చేస్తారు. ఒక చెయ్యి గోడకి ఆనించి, మోకాళ్ల మీద పాకుతూ, రెండో చేత్తో మంచాల కిందా మూలల్లోనూ తడుముతూ గది చుట్టి రావాలి. గోడ వదిలితే దారి తప్పినట్టే. వీపు మీది సిలిండరులో గాలి మూడోవంతుకి పడితే గంట మోగుతుంది. అది మోగేలోపే బయటపడాలన్నది ప్రతి డ్రిల్లులోనూ చెప్పే మాట. నీళ్లెక్కిన పైపు కొండచిలువలా బిగుసుకుంటుంది, ఒక్కడి వల్ల కాదు.

గడ్డముంటే మాస్కు ముఖానికి అతకదు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు ఆ నలభై ఒక్క రోజులూ లోపలికి వెళ్లకుండా పంపు దగ్గర సాయం చెయ్యవచ్చు. వీసా మీదున్నవాళ్లు, వాలంటీర్లకిచ్చే ప్రోత్సాహకాలేవైనా ఉంటే వాటి విషయం ముందుగా లాయరుని అడగాలి. మంటల్లోకి వెళ్లలేనివారికి ట్రాఫిక్ ఆపే ఫైర్ పోలీసు పని ఉంది, లెక్కలున్నాయి, గ్రాంటు దరఖాస్తులున్నాయి. పదహారు నిండిన పిల్లలకు జూనియర్ విభాగాలున్నాయి.

ఫైర్ కంపెనీలు కూడా ఒక మెట్టు దిగాలి. నెలకి ఒక్క డ్రిల్లయినా పగటిపూట పెట్టాలి. తెలుగు సంఘాలు ఉగాది, దీపావళి సభల్లో సన్మానాలకిచ్చే సమయంలో అరగంట వీళ్లకివ్వాలి.

అన్నప్రాసనకో పుట్టినరోజుకో ఫైర్ కంపెనీ హాలు అద్దెకి తీసుకున్నవారు ఈసారి డ్రిల్లు రాత్రి అదే తలుపు తట్టండి. చూడ్డానికి వచ్చామని చెబితే చాలు.