మరమనిషి బొమ్మకు రంగులు

యంత్రం చేసిన వస్తువుకు మళ్లీ చేతిపని ఎందుకని చాలామంది ప్రశ్నిస్తారు. జపాన్‌లో పుట్టి అనేక దేశాలకు వ్యాపించిన ఒక కాలక్షేపం విషయంలోనూ ఈ ప్రశ్న ఉంది. ప్లాస్టిక్ ముక్కలను జోడించి మరమనిషి బొమ్మలు తయారుచేయడం, వాటికి రంగులు వేయడం ఆ కాలక్షేపం.

1979లో జపాన్ టెలివిజన్‌లో ‘మొబైల్ సూట్ గన్‌డమ్’ అనే బొమ్మల ధారావాహిక మొదలైంది. అందులోని మరమనిషి ఎత్తు 18 మీటర్లు. 1980 జూలైలో బండాయ్ సంస్థ దానిని 144వ వంతుకు తగ్గించి, పన్నెండున్నర సెంటీమీటర్ల బొమ్మగా చేసి, 300 యెన్‌లకు అమ్మింది. ఆ బొమ్మ ముక్కలు దాదాపు ఒకే రంగులో ఉండేవి. జిగురుతో అతికించి, రంగులు వేసుకోవలసి వచ్చేది. 1990 నాటికి పద్ధతి మారింది. ముక్కలే ఎరుపు, నీలం, పసుపు రంగులలో అచ్చయి రాసాగాయి. జిగురు లేకుండానే ఒకదానిలో ఒకటి ఇమిడిపోసాగాయి.

రంగుతో వచ్చిన బొమ్మకు మళ్లీ రంగు వేయడం వృథా అని కొందరి వాదన. ఇందులో కొంత నిజం లేకపోలేదు. రంగు వేయనంత మాత్రాన జోడించినవారి శ్రమ తక్కువది కాదు. పైగా రంగులకు ఖర్చవుతుంది. థిన్నర్ ఆవిరి ఆరోగ్యానికి హానికరం. గాలి ఆడే చోట, ముఖానికి తొడుగు ధరించి పనిచేయాలి. అయినా ఆ పని వృథా అనడం సరికాదు. అది కంటికి చూడటం నేర్పుతుంది.

చట్రం నుండి ముక్కను ఒక్క వేటుతో కత్తిరిస్తే అంచు కమిలి తెల్లని మచ్చ పడుతుంది. అందుకే కొంచెం మిగిల్చి కోసి, ఆ మిగులును రెండవసారి తీసి, ఉప్పుకాగితంతో రుద్దుతారు. గీతలు మిగిలితే వాటిని రంగు దాచదు, ఇంకా ఎత్తిచూపుతుంది. రంగును ఒకేసారి మందంగా పూస్తే సన్నని చెక్కడాలు పూడిపోతాయి. పలుచగా పూసి, ఆరిన తరువాత మళ్లీ పూయాలి.

ఆ తరువాతి పని మరింత సున్నితమైనది. ఒంటిమీది సన్నని గాడులలో పలుచని ముదురు రంగు చుక్క తాకిస్తే అది తానే పారుతుంది. తెల్లని ముక్కపై నల్లగీత కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. బూడిదరంగు గీత ఒదిగిపోతుంది. చివర మెరుపులేని పూత పూస్తే ప్లాస్టిక్ తళుకు పోయి, చిన్న బొమ్మ పెద్ద యంత్రంలా తోస్తుంది. పాతబడినట్లు చూపాలంటే రంగు ఎక్కడ రాలుతుందో తెలియాలి. అది సాధారణంగా అంచులలో ముందు రాలుతుంది. బురద పాదాలకు అంటుతుంది, భుజాలకు కాదు. ఇవి తెలియాలంటే లారీలను, ఓడలను, క్రేన్లను శ్రద్ధగా గమనించాలి. ఊహలోని యంత్రానికి రంగు వేయబోయినవాడు లోకంలోని యంత్రాలను చూడటం నేర్చుకుంటాడు. ఎక్కడ ఆపాలో కూడా నేర్చుకుంటాడు. ఒళ్లంతా గీతలు, మరకలు నింపితే బొమ్మ అందం చెడుతుంది.

కర్మాగారం నుండి వేల బొమ్మలు ఒకే తీరుగా వస్తాయి. చేతితో రంగు వేసిన తరువాత ఏ రెండూ ఒకటిగా ఉండవు. యంత్రం ఆకారాన్ని ఇస్తుంది. దానిపై తన చూపును, ఓర్పును నిలిపేది మనిషే. పని సులభమైన కాలంలో ఇష్టపడి శ్రమించేవారి చేతిపనికి విలువ తగ్గదు, పెరుగుతుంది.