చదరంగం బల్ల: ఇచ్చి గెలిచిన ఆట

పిల్లలూ, చదరంగం నేర్చిన కొత్తల్లో ప్రతివారికీ ఒకటే యావ: ఎదుటివాడి పావులు కొట్టి పక్కన పేర్చుకోవటం. మా ఇస్నాపూరులో అరుగుల మీద ఆడే పిల్లలు ఆట మధ్యలో ఆగి మరీ కొట్టిన పావులు లెక్కపెట్టుకుంటారు. పావులను కొట్టుకోమని ఎదురిచ్చి, రాజును పట్టిన ఆట ఒకటి ఈ నెల చూపిస్తాను.

ఈ ఆట 2013 జనవరి 15న నెదర్లాండ్స్‌లోని వైకాన్‌జే అనే సముద్రపుటొడ్డు ఊళ్ళో జరిగింది. ఆ దాపునే పెద్ద ఉక్కు కార్ఖానా ఉన్నది. 1938లో ఆ కార్ఖానా పేరుతో చిన్నగా మొదలైన పోటీ, నేడు ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళు వచ్చి ఆడేదయింది. (మన పటాన్‌చెరు కార్ఖానాలవారు కూడా ఇటువంటిదొకటి పెడితే ఎంత బాగుండును!) మన గుంటూరు వాడు పెంటేల హరికృష్ణ 2012లో అక్కడ రెండో తరగతి పోటీ గెలిచి, 2013లో పెద్దల పోటీలో ఆడాడు. అదే పోటీలో, అప్పటికి ప్రపంచ విజేత అయిన విశ్వనాథన్ ఆనంద్ నల్లపావులతో, ఆర్మీనియా వీరుడు లెవాన్ అరోనియన్ తెల్లపావులతో తలపడ్డారు. ఆనంద్‌కు అప్పుడు 43 ఏళ్ళు. ఆయన పని అయిపోయిందని గొణిగేవాళ్ళు అప్పటికే ఉన్నారు.

ఇక బల్ల పరచండి. తెల్లవి: రాజు జి1, మంత్రి సి2, ఏనుగులు ఎ1, ఎఫ్1, శకట్లు సి1, ఇ2, గుర్రాలు సి3, హెచ్7, బంట్లు ఎ3, బి2, డి4, ఎఫ్4, జి2, హెచ్2. నల్లవి: రాజు జి8, మంత్రి డి8, ఏనుగులు సి8, ఎఫ్8, శకట్లు బి7, సి5, గుర్రాలు డి7, జి4, బంట్లు ఎ7, బి5, ఇ6, ఎఫ్7, జి7.

చూశారా, తెల్లగుర్రం నల్లరాజు గుమ్మంలోకి వచ్చి ఏనుగును కొడతానంటున్నది. సి5లోని శకటును బంటు కొట్టవచ్చు. జి4 గుర్రాన్ని శకటు కొట్టవచ్చు. ఇన్ని ప్రమాదాలుండగా ఆనంద్ ఏమి చేశాడు? వేటినీ కాపాడలేదు. పైగా డి7 గుర్రాన్ని తెచ్చి ఇ5లో, బంట్ల నోటి ముందే పెట్టాడు!

ఎఫ్4 బంటుతో ఆ గుర్రాన్ని కొడితే? నల్లమంత్రి డి4 బంటును కొట్టి చెక్ చెబుతుంది. రాజు హెచ్1కి జరుగుతాడు. అప్పుడు మంత్రి జి1లోకి దూకి మళ్ళీ చెక్! దాని వెనక శకటు కాపున్నది, కనుక రాజు కొట్టలేడు, ఏనుగే కొట్టాలి. కొట్టగానే జి4 గుర్రం ఎఫ్2లోకి వస్తుంది. రాజుకు చుట్టూ తనవాళ్ళే అడ్డం; ఆటకట్టు. ఇది బల్లమీద వేసి చూడనిదే రుచి తెలియదు.

అరోనియన్ ఆ ఉచ్చులో పడలేదు. శకటుతో జి4 గుర్రాన్ని కొట్టాడు. నల్లశకటు డి4 బంటును కొట్టి చెక్ అన్నది. రాజు హెచ్1కి వెళ్ళాడు. రెండో గుర్రం జి4లోని శకటును కొట్టింది. తెల్లగుర్రం ఎఫ్8 ఏనుగును తీసుకున్నది. ఆనంద్ దాన్ని తిరిగి కొట్టకుండా, ఎఫ్ బంటును నింపాదిగా ఎఫ్5కు నడిపాడు! తెల్లమంత్రి సి2 నుంచి హెచ్7కు వచ్చే దారి దాంతో మూసుకుపోయింది. ఆటంతటిలో నాకు మిక్కిలి నచ్చిన ఎత్తు ఇదే. గుర్రం జి6కు పారిపోతే నల్లమంత్రి ఎఫ్6కు వచ్చింది. హెచ్ బంటు హెచ్3కు జరగగానే మంత్రి గుర్రాన్ని కొట్టింది. తెల్లమంత్రి ఇ2కు, నల్లమంత్రి హెచ్5కు, తెల్లమంత్రి డి3కి. అప్పుడు నల్లశకటు ఇ3లోకి వచ్చింది. అంతే, 23వ ఎత్తున అరోనియన్ ఓటమి ఒప్పుకున్నాడు.

ఇదంతా ఆనంద్‌కు ఆ పూట తట్టినది కాదట. 2012లో మాస్కోలో గెల్ఫాండ్‌తో జరిగిన ప్రపంచ పోటీ కోసం ఇంట్లో కూర్చుని సిద్ధపరచుకున్నది, అక్కడ అవసరపడలేదు. ఆటకు ఎంతో పోలికైన ఆట 1907లో పోలండులోని వూచ్ నగరంలో రూబిన్‌స్టైన్ ఆడాడు. అక్కడా నల్లశకట్లు రెండూ దూరంనుంచే రాజును పట్టాయి. ఇంతటి ఆట ఆడిన ఆనంద్, ఆ ఏడు నవంబరులోనే చెన్నైలో కార్ల్‌సన్‌కు కిరీటం అప్పగించవలసి వచ్చింది.

ఇక మీకు పని. చివరి ఎత్తు తర్వాత బల్లను చూడండి. హెచ్3 బంటుకు డి3లోని మంత్రి కాపు. ఇ3 శకటు ఆ కాపుకు అడ్డం వచ్చింది. జి2 బంటు బి7 శకటుకు, హెచ్3 బంటు నల్లమంత్రికి చిక్కి కదలలేకుండా ఉన్నాయి. అయితే తెల్లవారు సి1 శకటుతో ఇ3 శకటును కొడితే, నల్లవారు ఎన్ని ఎత్తుల్లో ఆట కట్టిస్తారు?