మొదటి వారములోనే అడగండి



బిడ్డను కాలేజీలో చేర్చి, ఫీజు కట్టి, ఇక మన పని అయిపోయిందనుకుంటాము. మేమెరిగిన ఒక కుర్రవాడు మిరప కోతలకని వారాల తరబడి ఇంటి దగ్గరే ఉండిపోయాడు. నూటికి 75 హాజరు లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరని అతనికి గాని, తండ్రికి గాని తెలియదు. సెమిస్టరు పోయింది. తెలిసిన మేమూ ముందుగా చెప్పలేదు. ఆ తప్పు మాది కూడా.

అందుచేత మొదటి వారములోనే సిలబస్ కాగితము తెమ్మనండి. ఏమి నేర్పుతారు, ఇంటర్నల్ మార్కులు దేనికి, రికార్డు ఎప్పుడివ్వాలి అన్నది మీకు తెలుగులో చెప్పమనండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. మీకు విడమరచి చెప్పగలిగితే బిడ్డకు అర్థమైనట్టే. తడబడితే మరునాడే లెక్చరరును అడగమనండి. అడగడములో సిగ్గు లేదు.