“బ్రేకు పడలేదు”: ఇదియు నొక జవాబేనా?

ఇబ్రహీంపట్నము మీదుగా సాగరు పోవు బాటపై రాతిలోడు లారీ యాగినచో, ముందుగా క్లీనరు దిగి చక్రము క్రింద రాయి పెట్టును. బ్రేకు బిగించి, పైగా రాయి పెట్టినచో అది జాగ్రత్త. బ్రేకునకు బదులుగా రాయి పెట్టినచో అది నేరమునకు సాక్ష్యము. ఈ రెంటి భేదమును మనము మరచితిమి.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 96వది స్పష్టముగా శాసించుచున్నది. మోటారు సైకిళ్లు, చిన్న మూడు చక్రముల బండ్లు మొదలగు కొన్ని తప్ప, ప్రతి వాహనమునకును ఒకదానిపై నొకటి ఆధారపడని రెండు బ్రేకులు ఉండవలెను. పోవు బండిని ఆపుటకు కాలితో త్రొక్కు సర్వీసు బ్రేకు ఒకటి; ఆగిన బండిని కదలనీయని పార్కింగు బ్రేకు ఒకటి. రెండును ఎల్లవేళల సరిగా పనిచేయవలెను. ఒకటి చెడినను రెండవది దిక్కగుటకే గదా ఈ కట్టడి!

డ్రైవరు సీటు విడిచి దిగునపుడు ఇంజను ఆపి బ్రేకు వేయవలెను, లేదా బండి కదలకుండ వేరొక యుపాయము చేయవలెనని 1988 చట్టములోని 126వ సెక్షను చెప్పుచున్నది. అచ్చట రాయిని సాకుగా చూపవచ్చును. 96వ నియమము నెదుట ఆ సాకు చెల్లదు.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటురోడ్డున బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. కిక్కిరిసిన జనమును గూర్చియు, పనిచేయని బ్రేకులను గూర్చియు నాడు వింటిమి. “బ్రేకు పడలేదు” అనుట మనకు “తలవ్రాత” అనుటతో సమానమైనది. కాని అరిగిన లైనింగు, గాలి కారు పైపు తలవ్రాతలు కావు. వెదకిన కనబడు లోపములు.

సుప్రీముకోర్టు 1977లోనే, మిను మెహతా వ్యాజ్యములో, యంత్రలోపమును సాకుగా చెప్పు యజమాని, ఆ లోపము తగిన జాగ్రత్త వహించినను కనబడనిదని చూపవలెనని తీర్పు చెప్పినది. 190వ సెక్షను మరియొక యడుగు ముందుకు వేసినది: లోపము తెలిసియో, సామాన్య జాగ్రత్తతో తెలియదగి యుండియో బండి నడిపినవాడే కాదు, నడిపించినవాడును, నడపనిచ్చినవాడును దోషులే. అయినను జైలు గడప త్రొక్కువాడు తరచుగా కూలికి బండి తోలిన డ్రైవరే!

ఇక శిక్ష యెంత? 2019 సవరణ తరువాత సయితము 1500 రూపాయలు. ప్రమాదమున గాయములో, ఆస్తినష్టమో కలిగినచో మూడు నెలల వరకు ఖైదు, లేదా 5000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. లారీ టైరొకటి కొనుటకు చాలని యీ సొమ్మునకు ఏ యజమాని వెరచును?

కిరాయి గిట్టుబాటు కాలేదని యజమానులు మొరపెట్టుకొందురు. ఆ నష్టమును బాటసారుల ప్రాణములతో పూడ్చుకొను హక్కు వారి కెవ్వ రిచ్చిరి? డ్రైవరు బ్రేకు బాగులేదన్నచో ఆ మాట వ్రాతలో ఉండవలెను. బాగుపడువరకు బండి కదలరాదు. ఫిట్నెసు ఇచ్చు అధికారి కాగితమును గాక బండిని పరీక్షింపవలెను. కళాశాల బస్సులో బిడ్డల నెక్కించు తలిదండ్రులు ఆ పరీక్ష ఎన్నడు జరిగినదని అడుగవలెను. అడుగని ప్రజకు చట్టము పుస్తకముననే నిలుచును. బండి మాత్రము నిలువదు.